ట్రీ స్టాండా, గ్రౌండ్ బ్లైండా, రైఫిలా, క్రాస్‌బోనా: వైట్‌టెయిల్ జింక వేటకి మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏది తీసుకోవాలి

ఆగస్టు 15కి టెక్సాస్‌లో కొత్త ఏడాది హంటింగ్ లైసెన్సులు అమ్మకానికి పెడతారు, ఆ వారం నుంచే నాకు మెసేజ్‌లు మొదలు. అన్నా ట్రీ స్టాండ్ (చెట్టుకి కట్టి ఎత్తులో కూర్చునే సీటు) కొనాలా బ్లైండ్ (నేల మీద దాక్కుని కూర్చునే గుడారం) కొనాలా, రైఫిల్ మంచిదా క్రాస్‌బో (తుపాకీలాగా ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు) మంచిదా, సెలవు నవంబర్లో పెట్టనా క్రిస్మస్‌కి పెట్టనా, ఇలా. అందరూ సామాను గురించే అడుగుతారు, జింక గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, నేను ఏ ఎంపిక చేసినా జింక ముక్కుని బట్టే చేస్తా, మిగతావన్నీ దాని తర్వాతే, ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.

ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ళకి మాత్రమే. మన దేశంలో దుప్పినైనా కృష్ణజింకనైనా వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అది అలాగే ఉండాలి కూడా. ఇక్కడి కథ వేరు. 1900 ప్రాంతానికి మాంసం, తోళ్ళ వ్యాపారం కోసం విచ్చలవిడిగా చంపేయడంతో ఈ దేశం మొత్తం మీద వైట్‌టెయిల్ జింకలు కొన్ని లక్షలకి పడిపోయాయి. తర్వాత వ్యాపారం కోసం వేటాడటం ఆపేసి, సీజన్లు పెట్టి, లిమిట్లు పెట్టి, 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం తెచ్చి రైఫిళ్ళ మీదా తూటాల మీదా 11 శాతం పన్ను వేసి ఆ డబ్బు అడవులకీ జంతువులకీ మళ్ళించారు, ఇప్పుడు దాదాపు 3 కోట్ల దాకా ఉన్నాయని అంచనా. చాలాచోట్ల ఇప్పుడు తోడేళ్ళు, ప్యూమాలు లేవు, జింకలు ఎక్కువైతే తిండి చాలక చలికాలంలో అవే చస్తాయి, లేకపోతే రోడ్డు మీద కార్లకి అడ్డం పడతాయి. లైసెన్స్ తీసుకుని, రూల్ ప్రకారం ఒక జింకని కొట్టి, ఇంటికి తెచ్చి తినడం ఇక్కడ తప్పు పని కాదు, ఇందులో నాకు ఏ మొహమాటమూ లేదు.

ముందు జింక సంగతి

వైట్‌టెయిల్‌కి కంటికి ఏదైనా అనుమానం తగిలితే వెంటనే పారిపోదు. ఆగిపోతుంది, మీవైపే చూస్తుంది, ముందుకాలితో నేలని టప్ టప్‌మని కొడుతుంది, తల దించి గడ్డి మేస్తున్నట్టు నటించి ఠక్కున తల ఎత్తుతుంది, మీరు కదులుతారేమోనని. చెవికి చప్పుడు తగిలినా అంతే, అడవిలో ఉడతలు, కొమ్మలు విరగడాలు మామూలే కాబట్టి ఒకట్రెండు సార్లు ఊరుకుంటుంది. ముక్కుకి మనిషి వాసన సరిగ్గా తగిలితే మాత్రం ఇంక ఆగదు, ఫుస్స్ ఫుస్స్‌మని గట్టిగా ఊది తోక పైకెత్తి, ఆ తెల్లటి లోపలి వైపు జెండాలాగా ఊపుకుంటూ పోతుంది, ఆ చప్పుడుకి చుట్టుపక్కల ఉన్న జింకలన్నీ అలర్ట్ అయిపోతాయి, ఆ సాయంత్రం ఇంక మీరు సామాను సర్దుకోవచ్చు.

చూపు గురించి చాలామందికి ఉన్న భయం, తోటి వేటగాళ్ళకి కనపడటానికి వేసుకునే ఆరెంజ్ జాకెట్. అది భయపడాల్సిన విషయం కాదు, జింక కంట్లో ఎరుపు, ఆరెంజ్ విడిగా కనపడే ఏర్పాటు లేదు, వాటికి అదొక మసక రంగు. నీలం మాత్రం మనకన్నా బాగా కనపడుతుంది, అల్ట్రావయొలెట్ కూడా కొంత కనపడుతుంది. అందుకని ఆరెంజ్ జాకెట్ వేసుకుని కింద బ్లూ జీన్స్‌తో వెళ్ళడం తిరగబడిన జాగ్రత్త. బట్టలు తెల్లగా మెరవాలని డిటర్జెంట్లలో కలిపే బ్రైటెనర్లు కూడా వాటి కంటికి మెరుస్తాయి, వేట బట్టలకి అవి లేని సబ్బు వాడండి. కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ఒక్క వెనక భాగం తప్ప దాదాపు చుట్టూ కనపడుతుంది, కానీ వివరం తక్కువ, కదలిక ఎక్కువ పట్టుకుంటుంది. కదలకుండా ఉన్న మనిషిని 20 గజాల్లో కూడా చూసి వదిలేస్తుంది, చెయ్యి ఎత్తితే 80 గజాల నుంచి పట్టేస్తుంది.

గాలి సంగతి ఎంత చెప్పినా తక్కువే. ఫోన్‌లో వెదర్ యాప్ ఉత్తరం గాలి అని చూపిస్తే అది ఊరు మొత్తానికి చెప్పే లెక్క, మీరు కూర్చున్న వాగు పక్కన అది ఇంకోలా తిరుగుతుంది. కొండ గుట్టల ప్రాంతంలో అయితే పొద్దున ఎండ ఎక్కుతుంటే నేల వేడెక్కి గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే నీళ్ళు జారినట్టు పల్లానికి జారుతుంది. అంటే సాయంత్రం గుట్ట పైన కూర్చుంటే మీ వాసన మొత్తం కింద జింకలు తిరిగే వాగులోకి దిగుతుంది. ఇది చూసుకోవడానికి ఇక్కడ మిల్క్‌వీడ్ దూది వాడతారు, మన జిల్లేడు కాయ పగిలితే ఎగిరే దూది ఉంటుంది కదా, అదే కుటుంబం మొక్క, ఒక్కొక్క పీచు వదిలితే 60, 70 గజాల దాకా తేలుతూ పోతుంది, గాలి ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్ళతో చూడొచ్చు. పౌడర్ బుడ్డీలు అమ్ముతారు గానీ ఆ పొడి నాలుగు గజాల్లో మాయమైపోతుంది.

వాసన రాకుండా చేసే స్ప్రేలు, సబ్బులు, కార్బన్ బట్టలు చాలా ఉన్నాయి. నేను స్నానం చేసి, బట్టలు విడిగా డబ్బాలో పెట్టుకుని, రబ్బర్ బూట్లు వేసుకుని వెళ్తా, అంతే. గాలి మీ వెనక నుంచి జింక వైపు వెళ్తుంటే ఏ స్ప్రే కూడా కాపాడదు, ఆ డబ్బుతో ఇంకో ఫోల్డింగ్ కుర్చీయో రెండో బ్లైండో కొనుక్కుంటే గాలి మారినప్పుడు ఇంకోచోట కూర్చోవచ్చు, అది నిజంగా పనికొచ్చే ఖర్చు.

ట్రీ స్టాండ్, గ్రౌండ్ బ్లైండ్

ట్రీ స్టాండ్ వల్ల లాభం ఏంటంటే 15 నుంచి 20 అడుగుల ఎత్తులో ఉంటే పొదల మీదుగా దూరం కనపడుతుంది, మీ కదలిక జింక మామూలుగా చూసే ఎత్తులో ఉండదు, వాసన కూడా కొంత దూరం దాని తల మీదుగా పోతుంది. కొంత దూరమే, అది మర్చిపోవద్దు, ముందుకెళ్ళి ఎక్కడో నేలకి దిగుతుంది, సాయంత్రం అయితే ఇంకా తొందరగా. జింకలు పైకి చూడవు అనేది కూడా పాత మాట, వేటగాళ్ళ రద్దీ ఎక్కువ ఉన్న అడవిలో ముసలి ఆడజింకలు చెట్టెక్కిన మనిషిని వెతికి మరీ చూస్తాయి.

ట్రీ స్టాండ్‌లో ఏ రకం అనేది మీ డబ్బు మీద కన్నా అక్కడి చెట్ల మీద ఆధారపడుతుంది. క్లైంబర్ అనే రకం మనిషితోపాటే చెట్టు మీదకి పాకుతుంది, దానికి కొమ్మలు లేని నిటారు మాను కావాలి, ఈస్ట్ టెక్సాస్ పైన్ అడవుల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే పట్టుకుని టెక్సాస్ మధ్యలో లానో వైపు గుట్టల ప్రాంతం, హిల్ కంట్రీకి వెళ్తే అక్కడ ఉండేవి వంకర్లు తిరిగిన లైవ్ ఓక్‌లు, మెస్కీట్ పొదలు, క్లైంబర్ కట్టడానికి ఒక్క చెట్టు దొరకదు. అక్కడ లాడర్ స్టాండ్, లేకపోతే మూడు కాళ్ళ ట్రైపాడ్. మొదటిసారి అయితే లాడర్ స్టాండే తీసుకోండి, బరువు ఎక్కువ, మోయడానికి ఇద్దరు కావాలి, కానీ నిచ్చెన ఉంటుంది కాబట్టి ఎక్కడం దిగడం తేలిక. సాడిల్ అని ఇప్పుడు కుర్రాళ్ళు బాగా వాడుతున్నారు, నడుముకి తగిలించుకుని చెట్టుకి వేలాడటం, తేలికే గానీ మొదటి ఏడాది వద్దు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. వేటలో గాయపడేవాళ్ళలో చాలామంది తూటా తగిలి కాదు, చెట్టు మీద నుంచి పడి. ఫుల్ బాడీ హార్నెస్ (ఒంటికి కట్టుకునే సేఫ్టీ పట్టీలు) వేసుకోండి, పైన కూర్చున్నాక తగిలించుకోవడం కాదు, నేల మీద నుంచి కాలు లేచినప్పటి నుంచీ లైఫ్‌లైన్ తాడుకి తగిలించి ఉండాలి, ఎక్కువమంది పడేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే. రైఫిలైనా క్రాస్‌బో అయినా లోడ్ తీసేసి, మీరు పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. ఏడాదంతా చెట్టుకే వదిలేసిన స్టాండ్ పట్టీలు ఎండకి చివికిపోతాయి, ఉడతలు కొరుకుతాయి, ప్రతి సీజన్‌కీ కొత్తవి వెయ్యండి. మా గ్రూప్‌లో ఒకాయన 12 అడుగుల నుంచి పడి మడమ ఎముక విరిగి ఐదు నెలలు ఆఫీసుకి కర్రల మీద వెళ్ళాడు, హార్నెస్ బ్యాగులోనే ఉంది ఆ రోజు.

గ్రౌండ్ బ్లైండ్ అంటే గుడారం లాంటిది, గొడుగులాగా ఠక్కున తెరుచుకుంటుంది. పడిపోయే భయం లేదు, వానా చలీ కొంత ఆగుతాయి, లోపల కదిలినా కనపడదు, పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఇంతకన్నా మంచిది లేదు. కానీ దీనికి ఓపిక ముందే పెట్టాలి. నిన్నటిదాకా లేని నల్ల డబ్బా ఇవాళ పొద్దున దారి పక్కన ప్రత్యక్షమైతే ఆ జింక దాని దగ్గరికి ఎందుకొస్తుంది చెప్పండి, అక్కడే పుట్టి పెరిగింది అది. కనీసం రెండు వారాల ముందు పెట్టి, అక్కడి కొమ్మలే కొట్టి చుట్టూ కప్పండి. వెనక కిటికీలు మూసెయ్యండి, లేకపోతే వెనక నుంచి వెలుగు పడి మీ తల బొమ్మలాగా కనపడుతుంది, లోపల కామఫ్లాజ్ కన్నా నల్ల చొక్కా, నల్ల గ్లవ్స్ మేలు. వాసన మాత్రం నేల మట్టంలో నేరుగా పోతుంది, కాబట్టి బ్లైండ్‌కి గాలి లెక్క ట్రీ స్టాండ్ కన్నా ఎక్కువ కచ్చితంగా ఉండాలి.

నేను రెండో ఏడాది చేసిన తప్పు ఇదే. లానో కౌంటీలో ఒక రాంచ్‌లో బ్లైండ్, ఎదురుగా 70 గజాల్లో మొక్కజొన్న ఫీడర్ (టెక్సాస్ ప్రైవేట్ భూముల్లో మేత వెయ్యడం చట్టబద్ధమే, చాలా రాష్ట్రాల్లో కాదు, చూసుకోండి), గాలి నా మొహం మీదకి వస్తుందనే లెక్కతో కూర్చున్నా. నాలుగున్నరకి గాలి వెనక్కి తిరిగింది, నాకు మెడ మీద చల్లగా తగిలింది కూడా, అయినా ఇంత దూరం వచ్చాం కదా, ఇంకో గంటే కదా అని లేవలేదు. పది నిమిషాల్లో ఎడమ పక్క పొదల్లోంచి ఆ ఫుస్స్‌మనే చప్పుడు. తర్వాత ఆ రాంచ్ పెద్దాయన చెప్పింది ఇప్పటికీ నాకు పాఠం. పెద్ద మగజింక ఫీడర్ దగ్గరికి నేరుగా రాదు, ఫీడర్‌కి గాలివాలు పక్కన, అంటే గాలి పోయే వైపు, యాభై అరవై గజాల్లో పొద చాటున నిలబడి ముందు వాసన చూస్తుంది, నువ్వు ఫీడర్‌ని చూస్తూ కూర్చున్నంత సేపూ అది నిన్ను చూస్తూ ఉంటుంది అన్నాడు. అప్పట్నుంచీ ఫీడర్ ఎదురుగా కాకుండా, అది వచ్చి నిలబడే ఆ గాలివాలు పొద మీద కన్నేసేలా పక్కకి జరిగి కూర్చుంటున్నా.

నడుచుకుంటూ వేటాడటం కూడా ఉంది, స్టిల్ హంటింగ్ అంటారు, రెండడుగులు వేసి ఐదు నిమిషాలు ఆగడం. వాన పడి ఆకులు మెత్తబడిన రోజు, గాలికి ఎదురుగా, ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ మొదటి ఏడాది దాంతో మాంసం ఇంటికి రాదు, సీజన్ ముందు జాగా చూసుకోవడానికి ఆ నడక వాడుకోండి.

కాబట్టి ఈ రెంటిలో ఏది అంటే, పిల్లలతో వెళ్ళేవాళ్ళు, ఎత్తు అంటే కళ్ళు తిరిగేవాళ్ళు, రెండు వారాల ముందు వెళ్ళి పెట్టి రాగల ప్రైవేట్ జాగా ఉన్నవాళ్ళు బ్లైండ్. పబ్లిక్ అడవిలో, అప్పటికప్పుడు గాలి చూసి చోటు మార్చుకోవాల్సినవాళ్ళు ట్రీ స్టాండ్. నా దగ్గర రెండూ ఉన్నాయి, ఒక్కటే ఉంచుకోమంటే లాడర్ స్టాండ్ ఉంచుకుంటా.

రైఫిల్, క్రాస్‌బో, విల్లు, ఇంకా వీసా

మనవాళ్ళు ముందు వీసా చూసుకోవాలి, మోడల్ తర్వాత. హెచ్ 1 బీ, ఎఫ్ 1, హెచ్ 4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో ఒకటి, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, అమల్లో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉండటం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది, టెక్సాస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది, రెన్యూ చెయ్యడం మర్చిపోతే సెప్టెంబర్ 1 నుంచి మీ అల్మారాలో ఉన్న రైఫిలే మీకు పెద్ద కేసు. మన స్టేటస్ ఒక కాగితం మీద నిలబడి ఉంటుంది, దాంతో ఆటలొద్దు, కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి.

క్రాస్‌బో, విల్లు ఫెడరల్ చట్టంలో తుపాకీ కిందకి రావు. వీసా మీద ఉన్న మనవాళ్ళకి నేను మొదట క్రాస్‌బోనే చెప్పడానికి సగం కారణం ఇది. మిగతా సగం ఏంటంటే టెక్సాస్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, ఒహాయో నాలుగు చోట్లా ఆర్చరీ (విల్లు వేట) సీజన్‌లో క్రాస్‌బో ఒప్పుకుంటారు, ఆ సీజన్ తుపాకీ సీజన్ కన్నా ముందే మొదలవుతుంది, అప్పటికి జింకలు ఇంకా బెదరలేదు. స్కోప్ ఉంటుంది, ట్రిగ్గర్ ఉంటుంది, నాలుగు వారాంతాలు ప్రాక్టీస్ చేస్తే 30 గజాల్లో నమ్మకంగా కొట్టొచ్చు. చేత్తో లాగే మామూలు కాంపౌండ్ (కప్పీల) విల్లు అలా కాదు, నెలల తరబడి సాధన కావాలి, పైగా జింక దగ్గరికొచ్చాక దాని కళ్ళ ముందే విల్లు లాగాలి, అది తల చెట్టు చాటుకి పెట్టే దాకా ఆగాలి. ఆ ఆనందం వేరు, కానీ తొందరపడి గాయపరిచి వదిలేసే ప్రమాదం కూడా దీంట్లోనే ఎక్కువ.

క్రాస్‌బో కొనేవాళ్ళు పెట్టె మీద రాసిన స్పీడ్ చూసి 80 గజాలు, 100 గజాలు అనుకుంటారు, వద్దు. లెక్క సింపుల్. శబ్దం సెకనుకి సుమారు 1,100 అడుగులు పోతుంది, బాణం 400 అడుగులు పోతుందనుకోండి. తీగ చప్పుడు బాణం కన్నా ముందే జింక చెవిలో పడుతుంది, అది పారిపోవడానికి సిద్ధమయ్యేటప్పుడు ముందు కాళ్ళు మడిచి ఒళ్ళు కిందకి దింపుతుంది, ఊపిరితిత్తులకి గురిపెట్టిన బాణం వీపు మీదుగా పోతుంది లేదా ఇంకా ఘోరంగా వెన్ను దగ్గర గుచ్చుకుంటుంది. 20, 30 గజాల్లో దానికి అంత టైం ఉండదు. నా హద్దు 35 గజాలు, అది కూడా జింక నింపాదిగా మేస్తూ తోక అటూ ఇటూ ఆడిస్తుంటేనే. తల ఎత్తి చెవులు బిగించి నిలబడిన జింక మీద 20 గజాల్లో కూడా వదలను.

రైఫిల్ అయితే దూరం పెరుగుతుంది, తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది. తూటా సైజుల్లో 243 విన్‌చెస్టర్ తన్నడం తక్కువ, భుజం సన్నగా ఉన్నవాళ్ళకి మంచిది, 6.5 క్రీడ్‌మూర్, 308 రెండూ ఏ అడవికైనా సరిపోతాయి, వీటిలో ఏదైనా ఒకటే, దీని మీద వాదించుకుంటూ వారాలు గడిపేవాళ్ళు ఆ టైంలో రేంజ్‌కి వెళ్ళి కుర్చీలో కూర్చుని, మోకాలి మీద కూర్చుని కాల్చడం నేర్చుకుంటే మంచిది. మీ రాష్ట్రం ఏది ఒప్పుకుంటుందో ముందు చూడండి, న్యూజెర్సీలో జింకకి సెంటర్‌ఫైర్ రైఫిల్ (పైన చెప్పినవన్నీ ఆ రకమే) కుదరదు, షాట్‌గన్, మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ), విల్లు వైపే వెళ్ళాలి, ఒహాయోలో రైఫిల్ అయితే స్ట్రెయిట్ వాల్ (మెడ దగ్గర సన్నబడని) తూటాలు మాత్రమే. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా తమ్ముడు వరస కుర్రాడు ఇది తెలీక టెక్సాస్ వీడియోలు చూసి 308 బుక్ చేసేశాడు, అక్కడ వేటకి అది పనికిరాలేదు.

ఎప్పుడు వెళ్ళాలి

సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో జింకలు పడక నుంచి మేతకి, మేత నుంచి పడకకి, టైంటేబుల్ ప్రకారం తిరుగుతాయి. ఓక్ కాయలు రాలడం మొదలైతే సోయా పొలాలు వదిలేసి అడవిలోకి వెళ్ళిపోతాయి, అందులో వైట్ ఓక్ కాయలకి చేదు తక్కువ, అవి ముందు తింటాయి, ఆ చెట్టు ఒక్కటి గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు. ఈ టైంలో సాయంత్రం వేట మంచిది, పొద్దున చీకట్లో మేత జాగాలోంచి నడుచుకుంటూ వెళ్తే అక్కడ మేస్తున్నవాటిని మీరే బెదరగొడతారు.

తర్వాత రట్, అంటే ఎదకాలం. పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి ఇది మొదలవుతుంది, చలిని బట్టి కాదు, చలి వల్ల పగటిపూట తిరగడం పెరుగుతుందంతే. ఉత్తరాది రాష్ట్రాల్లో నవంబర్ మధ్యలో ముమ్మరం, సౌత్ టెక్సాస్‌లో డిసెంబర్ రెండో సగం. మగజింకలు చెట్ల బెరడు కొమ్ములతో రుద్దుతాయి, వంగిన కొమ్మ కింద నేల గీకి మూత్రం పోస్తాయి, ఆ కొమ్మని మూతితో రుద్ది తమ వాసన పెడతాయి. ఏడాదంతా రాత్రి తప్ప బయటికి రాని పెద్ద మగజింక మిట్టమధ్యాహ్నం రెండింటికి కూడా ఆడజింక వెంట పరిగెడుతూ కనపడుతుంది, తిండి మానేసి బరువులో ఐదో వంతు దాకా కోల్పోతుంది. సెలవు ఒక్కసారే దొరికేవాళ్ళు అప్పుడే పెట్టండి, పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చోండి, మధ్యాహ్నం బిర్యానీ కోసం ఊళ్ళోకి పోవద్దు. ఒక్క చిక్కు ఏంటంటే, ఆడజింక ఎదకి వచ్చిన ఒకటి రెండు రోజులు మగది దాన్ని వదలదు, జంట పొదలోంచి కదలదు, అడవి ఖాళీగా అనిపిస్తుంది, అప్పుడు నిరాశపడి చోటు వదిలేయొద్దు.

డిసెంబర్ చివర, జనవరి అంటే మళ్ళీ తిండే. చలి ఎక్కువ ఉన్నచోట ఎండ తగిలే దక్షిణం వైపు వాలుల్లో పడుకుంటాయి, సాయంత్రం మేతకి దిగుతాయి. మగజింక కొమ్ములు అక్కర్లేదు, ఒక ఆడజింక ఇంటికి తెచ్చుకుంటే చాలు అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే టైం, రద్దీ తక్కువ.

రాంచ్ లీజు, పబ్లిక్ ల్యాండ్

టెక్సాస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటుది. లీజు తీసుకుంటే మీ జాగా మీది, స్టాండ్ వదిలి రావొచ్చు, జింకల అలవాట్లు ఏళ్ళ తరబడి తెలుస్తాయి, కానీ ఖర్చు ఎక్కువ, నలుగురు కలిసి తీసుకోవాలి. ఒక్క వారాంతం చూద్దాం అనుకుంటే లానో వైపు రోజు లెక్కన ఇచ్చే రాంచ్‌లున్నాయి, ఆ ఊరు తనని డీర్ క్యాపిటల్ ఆఫ్ టెక్సాస్ అని చెప్పుకుంటుంది, అక్కడ జింకల సంఖ్య అలాంటిది, మొదటి అనుభవానికి నా ఓటు దానికే. పబ్లిక్ కావాలంటే 48 డాలర్ల యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఉంది, హ్యూస్టన్‌వాళ్ళకి శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ దగ్గర. అక్కడ తుపాకీ సీజన్‌లో 400 చదరపు అంగుళాల ఆరెంజ్ తప్పనిసరి. టెక్సాస్‌కి వచ్చి 6 నెలలు దాటకపోతే రెసిడెంట్ లైసెన్స్ రాదు, బయటివాళ్ళ లైసెన్స్ 315 డాలర్లు, కాబట్టి కొత్తగా ఉద్యోగం మారి వచ్చినవాళ్ళు కొంచెం ఆగడమే లాభం. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి.

చాలా కౌంటీల్లో మగజింక కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి, లేకపోతే ఒక వైపు కొమ్మైనా చీలికల్లేకుండా ఒంటి పుల్లలాగా ఉండాలి. దూరం నుంచి కొలవడం ఎలా అంటే, చెవులు నిక్కబొడిచినప్పుడు రెండు చెవుల కొసల మధ్య దూరం ఇంచుమించు అంతే ఉంటుంది, కొమ్ములు చెవుల బయటికి వచ్చాయా లేదా చూడండి, ఒక్క పిసరు అనుమానం ఉన్నా వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు.

కొట్టాక

కొట్టడం అనేది జింక పక్కకి తిరిగి నిలబడినప్పుడు, లేదా కొంచెం మీకు అవతలివైపు తిరిగినప్పుడు మాత్రమే. ఎదురుగా మీవైపు చూస్తున్న జింక మీద బాణం వెయ్యకండి. తగిలాక రక్తం చూడండి, గులాబీ రంగు నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్ళొచ్చు. ముదురు ఎరుపు అయితే కాలేయం, నాలుగు గంటలు. పచ్చగా, దుర్వాసనతో మేత ముక్కలు కనపడితే పేగులు, ఎనిమిది గంటలకి తగ్గకుండా కదలకండి, తొందరపడి వెంటపడితే అది లేచి రెండు మైళ్ళు పోయి ఎక్కడో పడి చస్తుంది, మీకూ దొరకదు. ఈ ఓపిక లేనివాళ్ళు వేటకి రాకుండా ఉంటేనే మంచిది అని నేను నిజంగా అనుకుంటా. దొరకగానే లైసెన్స్‌కి ఉన్న ట్యాగ్ చింపి కట్టండి, ఫోటోలు తర్వాత.

చివరి ఎంపిక, ప్రాసెసర్‌కి (జింకని కోసి మాంసం ప్యాక్ చేసిచ్చే షాపు) ఇవ్వాలా ఇంట్లో కొట్టుకోవాలా. టెక్సాస్‌లో నవంబర్ అంటే మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది, మాంసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి తొందరగా చల్లబడాలి, పేగులు వెంటనే తీసి లోపల ఐస్ సంచులు పెట్టాలి. మొదటిసారి ప్రాసెసర్‌కి ఇవ్వండి, కానీ అంతా సాసేజ్ చెయ్యమని చెప్పొద్దు, వెన్ను పట్టెలు రెండూ, కాళ్ళ ఎముక ముక్కలూ విడిగా అడగండి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడుని దెబ్బతీసి చంపే జబ్బు) ఉన్న ప్రాంతం అయితే టెస్ట్ చేయించి రిజల్ట్ వచ్చేదాకా ఫ్రీజర్‌లోనే, పాజిటివ్ వస్తే తినకూడదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది, మనుషులకి వచ్చినట్టు ఇప్పటిదాకా తేలలేదు గానీ జాగ్రత్త జాగ్రత్తే.

మా గోదావరి వైపు వేట మాంసం అంటే మేక మాంసం, మా అమ్మ మొదటిసారి ఫోన్‌లో ఏం వండుకున్నారు అంటే వేట మాంసం అన్నా, ఆవిడ ఆ మాటకే సరే అనుకుంది. జింక మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, మేక కూరలాగా వెన్ను ముక్కల్ని కుక్కర్‌లో పెట్టి ఐదు విజిల్స్ వేయిస్తే చెప్పు తోలు అవుతుంది, వాటిని ఉప్పు, మిరియాలు, వెల్లుల్లితో పెనం మీద నెయ్యిలో రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి దించెయ్యాలి. కాలి ముక్కలకి మాత్రం కుక్కరే కరెక్ట్, ధనియాలు, గసగసాలు, కొబ్బరి నూరి వేసి, గోంగూర దొరికితే చివర్లో వేసి సన్న సెగ మీద గంట ఉడకనివ్వండి.